డబ్బా మీద 6000, బోర్డులో 4800

కొత్త పీసీ ఆన్ చేసి టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే, 6000 (సెకనుకు ఎన్ని మిలియన్ సార్లు డేటా పంపుతుందో చెప్పే అంకె) అని రాసి ఉన్న ర్యామ్ 4800 దగ్గర నడుస్తూ కనిపిస్తుంది. హన్మకొండలో అసెంబుల్ చేయించుకున్నా, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచి పార్టులు తెచ్చుకుని ఇంట్లో బిగించుకున్నా, ఎన్నో మెషీన్లు ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తున్నాయి. వేగానికి డబ్బు కట్టి, ఆ వేగాన్ని ఒక్కరోజు కూడా వాడుకోకపోవడం బాధాకరం. ర్యామ్‌లో లోపం లేదు, చాలాసార్లు షాపువాళ్ల మోసమూ ఉండదు. డబ్బా మీది అంకె ఎవరిచ్చిన హామీయో కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు, అంతే.

ప్రతి ర్యామ్ స్టిక్ మీద ఒక చిన్న చిప్ ఉంటుంది. ఆ స్టిక్ ఏ వేగంతో, ఏ టైమింగులతో (ఒక్కో పనికి ఎన్ని గడియారపు చుట్లు ఆగాలో), ఎన్ని వోల్టులతో నడవాలో అందులో రాసి ఉంటుంది. ఇప్పటి ర్యామ్ తరమైన డీడీఆర్5 కిట్లలో (కలిపి అమ్మే స్టిక్కుల సెట్లలో) చాలావాటికి మామూలు సెట్టింగ్ 4800, 1.1 వోల్టులు. 6000, 1.35 వోల్టులు అనేది రెండో సెట్టింగ్. ఇంటెల్ వైపు దాని పేరు ఎక్స్ఎంపీ, ఏఎండీ వైపు ఎక్స్‌పో. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి దాన్ని ఆన్ చేసేదాకా బోర్డు మొదటి సెట్టింగ్‌తోనే బూట్ అవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఎక్స్ఎంపీ అయినా ఎక్స్‌పో అయినా లెక్క ప్రకారం ఓవర్‌క్లాకింగే, అంటే అధికారిక వేగాన్ని మించి నడపడమే. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పేది 5200, రైజెన్ 9000కు 5600. ఇంటెల్ 13, 14 తరాల్లో పెద్ద మోడళ్లకు 5600; 13400, 14400 లాంటి మోడళ్లకు 4800. అంటే 6000 అనేది ర్యామ్ కంపెనీ తన స్టిక్ గురించి చెప్పిన మాట. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్, స్లాట్ల దాకా వెళ్లే బోర్డు దారులు కూడా ఆ వేగాన్ని ఓర్చుకోవాలి. అందుకే ముందు ప్రాసెసర్, తర్వాత బోర్డు, ఆ రెండూ తేలాకే ర్యామ్. ఆఫర్‌లో వచ్చిందని ర్యామ్ ముందు కొనేసి, దానికి తగిన బోర్డు వెతకడం మొదలుపెడితే ఖర్చు పెరుగుతుందే తప్ప తగ్గదు.

ముందు తరం చూసుకోవాలి

ఏఎండీ పాత సాకెట్ ఏఎం4 ఉన్న బోర్డులకు ముందు తరం ర్యామ్ డీడీఆర్4 ఒక్కటే. 2022 సెప్టెంబర్‌లో రైజెన్ 7000తో వచ్చిన కొత్త సాకెట్ ఏఎం5కు డీడీఆర్5 ఒక్కటే. ఇంటెల్ 12, 13, 14 తరాల దగ్గరే తికమక. ఈ ప్రాసెసర్లు రెండు రకాల ర్యామ్‌నూ అందుకుంటాయి, కానీ ఏ బోర్డుకైనా సాధారణంగా ఒకే రకం స్లాట్లు ఉంటాయి. ఒకే పేరుతో బీ760 బోర్డు రెండు రకాలుగా దొరుకుతుంది, పేరు చివర డీ4 అని ఉంటే డీడీఆర్4, లేకపోతే చాలావరకు డీడీఆర్5. ఆ ఒక్క అక్షరం, ఒక్క అంకె బిల్లు మీద పడకపోతే తేడా ఇంటికి వచ్చాకే తెలుస్తుంది. రెండింటికీ 288 పిన్నులే ఉన్నా మధ్యలో గాటు ఉండే చోటు వేరు, కాబట్టి ఒకటి ఇంకోదాని స్లాట్‌లో కూర్చోదు. కూర్చోవడం లేదని బలంగా నొక్కితే స్లాట్ పోతుంది.

ఇంటెల్ చిన్న చిప్‌సెట్లకు (బోర్డులో ఏ సౌకర్యాలుండాలో తేల్చే చిప్పులకు) ఇంకో గీత ఉంది. హెచ్610 బోర్డులో మెమరీ ఓవర్‌క్లాకింగ్ లేదు. డీడీఆర్4 రకమైతే 3600 స్టిక్ పెట్టినా 3200 దాటదు. పాత బీ460, హెచ్410 బోర్డుల్లో 10వ తరం ఐ5 ఉంటే 2666 దగ్గరే ఆగుతుంది. అలాంటి బోర్డుకు మామూలు 3200 స్టిక్ చాలు, దానికి మించి పెట్టిన ప్రతి రూపాయీ వృథా. ఏఎండీ వైపు ఈ బాధ తక్కువ. ఏ620 లాంటి చవక చిప్‌సెట్‌లోనూ ఎక్స్‌పో పనిచేస్తుంది. ఇంటెల్‌లో పేరు చివర కే లేని 12400 లాంటి ప్రాసెసర్లకు బీ660 బోర్డు ఉన్నా మెమరీ కంట్రోలర్‌కు వెళ్లే వోల్టేజీని పెంచే వీలుండదు. అందుకే వాటిలో డీడీఆర్4-3600 చాలాసార్లు నిలకడగా నడవదు. వాటికి 3200 సీఎల్16 తీసుకుంటే చాలు. సీఎల్ అంటే డేటా అడిగాక అది వచ్చేదాకా పట్టే గడియారపు చుట్లు.

వేగం ఒక్కటే చూస్తే సగం లెక్కే

రెండు కిట్లలో ఏది మెరుగో తేల్చడానికి ఒక చిన్న లెక్క చాలు. సీఎల్ అంకెను 2000తో గుణించి వేగంతో భాగిస్తే జాప్యం నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్4-3200 సీఎల్16కు 10. డీడీఆర్4-3600 సీఎల్18కు కూడా 10. డీడీఆర్5-6000 సీఎల్30కీ 10, సీఎల్36 అయితే 12, సీఎల్40 అయితే 13.3. అదే 4800 సీఎల్40 దగ్గర 16.7. మొదట చెప్పిన పీసీ ఎక్స్‌పో ఆన్ చేయకుండా నడిచినన్నాళ్లూ పోగొట్టుకుంటున్నది ఇదే. బ్యాండ్‌విడ్త్‌లో, అంటే సెకనుకు పంపగల డేటాలో, మాత్రం డీడీఆర్5 చాలా ముందుంది. రెండు 3200 స్టిక్కులు సెకనుకు గరిష్ఠంగా 51.2 జీబీ ఇస్తే, రెండు 6000 స్టిక్కులు 96 జీబీ ఇస్తాయి. వీడియో ఎక్స్‌పోర్ట్, పెద్ద ఫైళ్లను జిప్ చేయడం, సిమ్యులేషన్ లాంటి పనులకు బ్యాండ్‌విడ్త్ పనికొస్తుంది. గేములకు జాప్యం తగ్గడం ఎక్కువ పనికొస్తుంది.

ఏఎం5లో 6000 దగ్గర ఆగమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఉంది. అక్కడిదాకా మెమరీ, మెమరీ కంట్రోలర్ ఒకే గడియారం మీద నడుస్తాయి. చిప్‌ను బట్టి 6200, 6400 దాకా కూడా ఆ జోడీ నిలవవచ్చు. ఆపైన కంట్రోలర్ సగం వేగానికి పడిపోతుంది. అప్పుడు 7200 స్టిక్ పెట్టినా జాప్యం పెరిగి, 6000 సీఎల్30 కంటే వెనకబడే సందర్భాలుంటాయి. కాబట్టి ఏఎం5కు 6000 సీఎల్30, బడ్జెట్ తగ్గితే 6000 సీఎల్36. 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్లలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉంటుంది, అవి ర్యామ్ దాకా వెళ్లే అవసరమే తక్కువ. వాటికి సీఎల్36తోనే సరిపెట్టుకుని, మిగిలిన డబ్బు ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మీదనో కూలర్ మీదనో పెట్టడం మంచిది.

ఎంత సామర్థ్యం కావాలన్నది పనిని బట్టి. చదువుకు, ఆఫీసు పనికి 16 జీబీ. గేములు, కోడింగ్, ఎన్‌ఐటీ విద్యార్థుల సిమ్యులేషన్ ప్రాజెక్టులకు 32. పెళ్లి వీడియోలు, డ్రోన్‌తో తీసిన 4కే ఫుటేజీ ఎడిట్ చేసే స్టూడియోలకు 64. మధ్యలో 24 జీబీ స్టిక్కులు రెండు పెట్టి 48 చేసుకోవడం కూడా మంచి దారే, కాకపోతే బోర్డులో 2023 తర్వాతి బయోస్ ఉండాలి.

డీడీఆర్5లో 8 జీబీ స్టిక్ మాత్రం తీసుకోవద్దు. అందులో సాధారణంగా నాలుగే వెడల్పు చిప్పులుంటాయి, లేబుల్ మీద 1ఆర్×16 అని కనిపిస్తుంది. చిప్ లోపల ఒకేసారి పనిచేసే భాగాలు (బ్యాంక్ గ్రూపులు) సగమే కాబట్టి అదే వేగం రాసి ఉన్నా 16 జీబీ స్టిక్ కంటే నెమ్మది. డీడీఆర్4లో 8 రెండు పెట్టడం సరైన పనే. ఆ అలవాటుతో డీడీఆర్5లోనూ 8 రెండు తీసుకుంటున్నారు, అక్కడే దెబ్బతింటున్నారు.

ఒక్క స్టిక్‌తో నడపడం కూడా నష్టమే, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో. 5600జీ, 8600జీ లాంటి ప్రాసెసర్లు గ్రాఫిక్స్ కోసం కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటాయి. ఒక్క 16 జీబీ స్టిక్ తీసి 8 జీబీవి రెండు పెడితే 5600జీ బ్యాండ్‌విడ్త్ రెట్టింపవుతుంది, గేముల్లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. కార్డు తర్వాత కొందామనుకునేవాళ్లు ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి.

పార్ట్ నంబరు చదవడం

షాపులో “కింగ్‌స్టన్ 6000 ఉంది” అంటే సగం సమాచారమే చెప్పినట్టు. కేఎఫ్560సీ36బీబీఈకే2-32 అనే నంబరు చూడండి. కేఎఫ్5 అంటే ఫ్యూరీ వరసలో డీడీఆర్5. 60 అంటే 6000. సీ36 అంటే సీఎల్36. బీబీ అంటే నల్లరంగు బీస్ట్ మోడల్. ఈ అంటే ఎక్స్‌పో. కే2 అంటే రెండు స్టిక్కుల కిట్, 32 అంటే రెండూ కలిపి 32 జీబీ. కేఎఫ్560సీ40బీబీకే2-32 అని ఉంటే అదే డబ్బా, అదే రంగు, అదే 6000, కానీ సీఎల్40, పైగా ఎక్స్ఎంపీ మాత్రమే. రెండూ ఒకే ధర అంటే మొదటిదే తీసుకోవాలి. ఎక్స్ఎంపీ కిట్లను ఏఎండీ బోర్డులు కూడా సాధారణంగా చదువుకుంటాయి, అయినా ఏఎం5కు ఎక్స్‌పో కిట్ దొరికితే అదే మేలు.

ఈ నంబరును బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లోని క్యూవీఎల్‌లో, అంటే ఆ బోర్డుతో పరీక్షించిన ర్యామ్‌ల జాబితాలో, వెతకాలి. అక్కడ బ్రాండ్ పేరు కాదు, పూర్తి నంబరు కలవాలి. పక్కన 1, 2, 4 అని గడులుంటాయి, ఎన్ని స్టిక్కులతో పరీక్షించారో అవి చెబుతాయి. 2 దగ్గర టిక్ ఉండి 4 దగ్గర లేకపోతే, నాలుగు పెడితే ఆ వేగం వస్తుందని ఆశపడొద్దు. జాబితాలో లేనంత మాత్రాన పనిచేయదని కాదు. బోర్డు విడుదలయ్యాక వచ్చిన కిట్లు చాలాసార్లు ఆ జాబితాకు ఎక్కవు. అప్పుడు ర్యామ్ కంపెనీ సైట్‌లో బోర్డు పేరుతో వెతికితే వాళ్ల జాబితా దొరుకుతుంది.

“ఇప్పుడు ఒక కిట్, దసరాకు ఇంకో కిట్” అనే ఆలోచన డీడీఆర్4లో చాలాసార్లు నెగ్గింది. డీడీఆర్5లో నెగ్గడం కష్టం. రైజెన్ 7000కు నాలుగు స్టిక్కులు పెడితే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. అంతకంటే పైన నడిస్తే అది ఆ చిప్ మంచితనం. పైగా ర్యామ్ చిప్పులు ప్రధానంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచి వస్తాయి. బ్రాండ్ అదే, నంబరు అదే అయినా ఆరు నెలల తర్వాత వచ్చే బ్యాచ్‌లో చిప్పులు మారిపోయి ఉండవచ్చు. 64 కావాలని ఇప్పుడే తెలిస్తే 32 జీబీవి రెండు ఉన్న ఒకే కిట్ కొనాలి, లేదా ఇప్పటి కిట్ అమ్మేసి పెద్దది తీసుకోవాలి.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. డేటాసెంటర్లకు చిప్పులు తరలిపోవడం అందుకు పెద్ద కారణం. దాంతో చాలామంది సెకండ్ హ్యాండ్ వైపు చూస్తున్నారు. అక్కడ ఒక ఉచ్చు ఉంది. సర్వర్ల నుంచి తీసిన డీడీఆర్4 రిజిస్టర్డ్ స్టిక్కులు మార్కెట్లో చవగ్గా తిరుగుతుంటాయి. అవి డెస్క్‌టాప్ స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి, బూట్ మాత్రం కావు. లేబుల్‌లో పీసీ4-2400టీ తర్వాత డాష్ పెట్టి ఆర్ అక్షరం ఉంటే రిజిస్టర్డ్, యూ ఉంటే డెస్క్‌టాప్‌ది, ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది. లేబుల్ చింపేసి ఉన్న స్టిక్‌ను ఎంత చవకైనా ముట్టుకోవద్దు. కొనేముందు షాపులోనే ఒక మెషీన్‌లో పెట్టించి, సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ పేజీ (స్టిక్ మీది చిన్న చిప్‌లో రాసి ఉన్నది చూపే పేజీ) తెరిచి, నంబరు, సామర్థ్యం లేబుల్‌తో సరిపోల్చుకోవాలి. అందులో 6000 స్టిక్ 3000 మెగాహెర్ట్జ్ అని కనిపిస్తే కంగారు వద్దు. గడియారం ఒక్కో చుట్టుకు రెండుసార్లు డేటా పంపుతుంది, అందుకే అంకె సగం.

బిగించేటప్పుడు

కూలర్ సంగతి ముందే చూసుకోవాలి. లైట్లు లేని డీడీఆర్5 స్టిక్ ఎత్తు సుమారు 35 మిల్లీమీటర్లు, లైట్లున్నవి 44 దాకా. రెండు టవర్ల ఎయిర్ కూలర్ ముందు ఫ్యాన్ స్లాట్ల మీదికి వస్తుంది. ఫ్యాన్‌ను పైకి జరిపితే స్టిక్ పడుతుంది, కానీ క్యాబినెట్ తలుపు పట్టదు. ఆ జాగా లేనివాళ్లు పొట్టి స్టిక్కులే తీసుకోవాలి.

ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆపి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టాలి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించి రెండోది, నాలుగోది. బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది. పక్కపక్క స్లాట్లలో పెడితే చాలా బోర్డుల్లో రెండు స్టిక్కులూ ఒకే ఛానల్‌లో (ప్రాసెసర్‌కు వెళ్లే ఒకే దారిలో) పడి వేగం సగమవుతుంది. చాలా బోర్డులకు క్లిప్ ఒక పక్కే కదులుతుంది, రెండో పక్క స్థిరంగా ఉంటుంది. కదలని పక్క ముందు దించి, తర్వాత రెండో పక్క బొటనవేలితో టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. “కొత్త ర్యామ్ పనిచేయడం లేదు” అని తిరిగొచ్చే స్టిక్కుల్లో, ఒక పక్క ఒక మిల్లీమీటరు పైకి ఉండిపోయినవి తక్కువేమీ కాదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏఎం5 బోర్డు నల్ల తెరతో నిమిషాల కొద్దీ ఉండిపోవచ్చు. ర్యామ్‌తో మాట్లాడే టైమింగులను అది ఒక్కొక్కటిగా సరిచూసుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. బోర్డు మీద డీఆర్ఏఎమ్ అని రాసి ఉన్న చోట లైటు వెలుగుతూ ఉంటుంది. సామర్థ్యం పెరిగేకొద్దీ సమయమూ పెరుగుతుంది. ఆ మధ్యలో స్విచ్ ఆపితే పని మళ్లీ మొదటికొస్తుంది. కరెంటు నమ్మకం లేని చోట ఈ పనిని యూపీఎస్ మీదే చేయాలి. పదిహేను నిమిషాలైనా తెర రాకపోతే ఒక్క స్టిక్‌తో ఏ2లో ప్రయత్నించాలి. అప్పటికీ రాకపోతే ఎస్ఎంపీఎస్ ఆపి బోర్డు మీది బిళ్ల బ్యాటరీ సీఆర్2032ని కొన్ని నిమిషాలు తీసి, మళ్లీ పెట్టాలి.

బయోస్ తెరుచుకున్నాక ముందు దాన్నే అప్‌డేట్ చేయాలి, ఎక్స్‌పో జోలికి తర్వాత వెళ్లాలి. ఏఎం5లో ఈ వరస తప్పకూడదు. మొదట్లో కొన్ని బోర్డులు ఎక్స్‌పో ఆన్ చేయగానే ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లే వోల్టేజీని) మరీ పైకి తీసుకెళ్లేవి, కొన్ని ప్రాసెసర్లు కాలిపోయాయి. 2023లో వచ్చిన బయోస్‌లు దాన్ని 1.3 వోల్టులకు కట్టేశాయి. షెల్ఫ్‌లో ఏడాదికిపైగా ఉన్న బోర్డులో పాత బయోస్ ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఎక్స్‌పో ఆన్ చేసి విండోస్ తెరుచుకుంటే పని అయిపోయినట్టు కాదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నాలుగు పాస్‌లు నడపాలి, 32 జీబీకి కొన్ని గంటలు పడుతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరాదు. ర్యామ్ తప్పులు బయటికి ర్యామ్ తప్పుల్లా కనిపించవు. జిప్ ఫైలు విప్పేటప్పుడు సీఆర్సీ ఎర్రర్ (ఫైలు పాడైందనే హెచ్చరిక), ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియోలో ఒక ఫ్రేమ్ పాడవడం, వారానికోసారి నీలి తెర, విండోస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోవడం, ఇలా వస్తాయి. విండోస్ రెండుసార్లు మళ్లీ ఎక్కించాక గానీ ర్యామ్ మీద అనుమానం రాదు. ఎర్రర్ వస్తే 6000 నుంచి 5800కు, అక్కడా వస్తే 5600కు దించి మళ్లీ పరీక్షించాలి. 4800 దగ్గర కూడా ఎర్రర్ వస్తే అది స్టిక్ లోపమో స్లాట్ లోపమో అయి ఉంటుంది. స్టిక్కులను ఒక్కొక్కటిగా అదే స్లాట్‌లో పెట్టి చూస్తే ఏదో తేలిపోతుంది.

మన ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డిసెంబర్‌లో పాస్ అయిన సెట్టింగ్ మే నెలలో ఫెయిల్ కావచ్చు. వరంగల్‌లో పగలు 43 డిగ్రీలు దాటే రోజుల్లో, ఏసీ లేని గదిలో, గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి నేరుగా ర్యామ్ మీదికి వెళుతుంది. చిప్ వేడెక్కేకొద్దీ దానిలోని ఛార్జ్ త్వరగా కారిపోతుంది. 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ (ఆ ఛార్జ్‌ను మళ్లీ నింపడం) రెట్టింపు సార్లు జరగాలని ప్రమాణాలే చెబుతాయి. బిగుతుగా సెట్ చేసిన టైమింగులు అంతకంటే చాలా ముందే తడబడతాయి. డీడీఆర్5 స్టిక్‌లోనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూడవచ్చు. గేమ్ నడుస్తుండగా అది 60 డిగ్రీలు దాటుతుంటే క్యాబినెట్ ముందు ఇంకో ఫ్యాన్ పెట్టాలి. చలికాలంలో కట్టిన మెషీన్‌కు ఏప్రిల్ మధ్యాహ్నం ఒకసారి మళ్లీ పరీక్ష పెట్టడం అవసరం. రామగుండం, మంచిర్యాల వైపు మరీ అవసరం.

కొత్త కిట్ అయితే జీఎస్‌టీ బిల్లు మీద పూర్తి పార్ట్ నంబరు రాయించుకోవాలి, “ర్యామ్ 32జీబీ” అని రాస్తే ఒప్పుకోవద్దు. వారంటీ సాధారణంగా కిట్ మొత్తానికి ఉంటుంది. ఒక్క స్టిక్ పాడైనా చాలా కంపెనీలు రెండూ పంపమంటాయి, ఒక్కటి పంపితే వెనక్కి పంపుతాయి. అందుకే ప్లాస్టిక్ డబ్బా, అందులోని స్టిక్కర్లు పారేయకుండా దాచాలి. కిట్ వారంటీకి వెళ్లిన రోజుల్లో మెషీన్ ఆగకూడదనుకునే స్టూడియోలు సెకండ్ హ్యాండ్‌ది అయినా సరే, ఒక 16 జీబీ స్టిక్ విడిగా బీరువాలో ఉంచుకోవాలి.